మట్టి బిళ్లలకు మెషిన్ నూనె

జూన్ 2

అక్కా,

క్షేమమా అని అడగను. ఎవరితోనూ గొడవ పెట్టుకోకుండా నువ్వు ఒక్క రోజున్నావని తెలిస్తే అప్పుడడుగుతాను. ఎందుకంటే ఆ రోజు నిజంగానే నీకు ఒంట్లో బాగుండనట్టు.

ఒక సాయం కావాలి. తిట్టకుండా చివరిదాకా చదువు. మా పేకాట క్లబ్బుకి కొత్త మేనేజరు వచ్చాడు. చొక్కాకి పెట్టినంత గంజి మాటకీ పెడతాడు. మేమంతా ఆయన్ని గంజిచొక్కా అంటున్నాం. వచ్చీ రాగానే ఆయన కన్ను మా బిళ్లల మీద పడింది. ఇక్కడ బల్ల మీద నోట్లు పెట్టరు కదా, వాటికి బదులు మట్టి బిళ్లలు పెట్టి ఆడతారు. తెలుపు, ఎరుపు, ఆకుపచ్చ, నలుపు. ఆట ముగిసిన ప్రతి బల్ల నుంచీ ఒక కుప్ప కలగాపులగంగా నా ముందుకొచ్చి పడుతుంది. రంగు రంగూ వేరుచేసి పెట్టెల్లో పేర్చి పంపడం నా పని. పక్కన కూర్చునే వసపిట్టతో కబుర్లాడుతూ, కుప్ప వంక చూడకుండా పేరుస్తానని క్లబ్బులో నాకో పేరుంది కూడా. వసపిట్ట ఎవరని అడుగుతావేమో. టోకెన్లిచ్చే ఆవిడ. ఆవిడ నోరు మూసుకోగా నేనింతవరకూ చూడలేదు.

"ఏంటివి? పాడుబడ్డ బావిలోంచి తోడినట్టున్నాయి!" అన్నాడు గంజిచొక్కా, ఒక బిళ్లని రెండు వేళ్లతో ఎత్తి పట్టుకుని. మాట నిజమే. వెలిసిపోయాయి, అంచుల్లో జిడ్డూ మట్టీ పట్టాయి. నెలాఖరుకి ఇవి మెరవాలట. మెరవకపోతే ప్లాస్టిక్ బిళ్లలూ, వాటిని రంగులవారీగా వేరుచేసే యంత్రమూ తెప్పిస్తాడట. యంత్రం వచ్చాక నేనెందుకు?

నువ్వు కుట్టుమిషన్లు బాగుచేసేదానివి. దేనికి ఏ నూనె పడుతుందో నీకు తెలుసు. వసపిట్ట వంటనూనె రాసేద్దాం అంటోంది. నువ్వేమంటావు?

నీ చెల్లెలు

అక్షరాలు ఇంత పెద్దవేంటని వెక్కిరించకు. కాగితం క్లబ్బుది, నా సొమ్మేం పోయింది.

*

జూన్ 9

చెల్లీ,

జూదగాళ్ల బిళ్లలకి తలంటు పొయ్యమని నన్నడుగుతున్నావా? నన్ను? ఊళ్లో జీతాలన్నీ నమిలి మింగే నోటికి పళ్లు కూడా మనమే తోమి పెట్టాలా? ఆ క్లబ్బులో ఓడిపోయి ఇంటికొచ్చిన మగాళ్ల పెళ్లాలు నా షాపుకొచ్చి, తాకట్టులో ఉన్న మిషను విడిపించుకునేదాకా పాత మిషనేదైనా అద్దెకిమ్మని అడుగుతారు. నూనె గురించి నువ్వడిగావు కాబట్టి ఇదీ చెప్పాలి.

ఇంకో మాట. "యంత్రం వచ్చాక నేనెందుకు" అని నువ్వెందుకన్నావు? అది వాడు అనాల్సిన మాట. వాడి చేత అనిపించాలి, అన్నాక నిలదీయాలి. వాడు అనకముందే నువ్వే అనేసుకుంటే వాడికి శ్రమ తగ్గించినట్టే కదా! మన ఆడవాళ్లలో సగంమంది ఉద్యోగాలు ఇలా మనమే ముందుగా పొట్లం కట్టి ఇచ్చేస్తున్నాం.

సరే. చెల్లెలివైపోయావు, చెప్పక తప్పదు. వంటనూనె జోలికి పోవద్దు, ఆ వసపిట్టని వంటింట్లోనే ఉంచు. తిండికి పనికొచ్చే నూనె ఏదైనా కొన్నాళ్లకి బంకైపోయి కంపు కొడుతుంది. మట్టి బిళ్లకి కావలసింది మా మిషన్లకి వేసే తెల్ల నూనె. రంగు ఉండదు, వాసన ఉండదు, చెడిపోదు. ఒక సీసా పంపుతున్నాను. ముందు సబ్బునీళ్లతో, మెత్తటి పళ్ల బ్రష్షుతో కడుగు. ఆరాక సున్నం పూసినట్టు తెల్లబోయి కనిపిస్తాయి, చూసి గుండె బాదుకోకు. మట్టి దాహమేస్తోందని చెబుతోందంతే. అప్పుడు నూనె రాయి. రంగు లోపల్నుంచి పైకొస్తుంది.

బావ పక్కనుంచి "మీ చెల్లెలికి రాసే ఉత్తరమా, కరపత్రమా?" అంటున్నాడు. కాగితం అయిపోయింది, ముఖ్యమైనవి అంచులో రాస్తున్నాను: నీళ్లు గోరువెచ్చగానే ఉండాలి. నానబెట్టకూడదు. నూనె బిళ్లకి పొయ్యకూడదు, గుడ్డకి అద్ది రాయాలి. ఒక పూట ఆగి పొడిగుడ్డతో తుడవాలి.

కోపంతోనూ ప్రేమతోనూ,
అక్క

*

జూన్ 17

అక్కా,

నాకేం అర్థం కావడం లేదు. నువ్వు చెప్పినట్టే చేశాను, అంతా తలకిందులైంది.

మరిగే నీళ్లలో వేశాం. తెల్లవి కొన్ని ఎండుటాకుల్లా వంకర తిరిగాయి. రాత్రంతా నానబెడితే నల్లవాటి మీదున్న బంగారు అంకె ఊడి నీళ్లలో తేలింది. అవి చూసి వసపిట్ట "అంకెలు పోతే పోయాయి, ఇక నల్లది ఎంతంటే అంత" అంది. తర్వాత గిన్నెలో నూనె పోసి బిళ్లలు ముంచాం. తీసి దొంతర పెడితే తెల్లారేసరికి జలగల్లా ఒకదాన్నొకటి పట్టుకున్నాయి, విడదీద్దామంటే జారిపోతున్నాయి. నయం, ప్రతి రంగులోనూ గుప్పెడేసి మీదే ఈ ప్రయోగం చేశాం. గంజిచొక్కా వాటిలో బాగా వచ్చిన ఒకటి చూసి, "ఇలా ఉండాలి! అన్నీ ఇలా ఉండాలి!" అన్నాడు. అది ఎలా వచ్చిందో మాకే తెలీదు.

నూనె ఎక్కువైందా, తక్కువైందా? ఇంకోటి. ఎర్రవి మిగతావాటిలా లేవు. అవి పాతవి, వేరేచోట చేసినవట. సుద్దముక్కలా వేళ్లకి పొడి అంటుతుంది. ఎంత నూనె రాసినా తాగేసి మళ్లీ అలాగే ఉంటున్నాయి. వాటినలా వదిలెయ్యనా?

నీ ఉత్తరం ఎండలోకి తీసుకెళ్లి చదివాను. చీమలబారులా రాస్తావేంటే బాబూ.

చెల్లెలు

*

జూన్ 23

ఓ పిచ్చిమొద్దూ,

మరిగే నీళ్లా? నానబెట్టడమా? గిన్నెలో ముంచడమా? ఏవి చెయ్యొద్దని అంచులో రాశానో వరసగా అవే చేశావు! అంచులు చదవవా? ఈ లోకంలో అసలు విషయాలన్నీ అంచుల్లోనే రాసుంటాయి, అది తెలియకనే జనం మోసపోతున్నారు. మీ గంజిచొక్కా ఇచ్చే కాగితాల మీదైనా అంచులు చదివి సంతకం పెడుతున్నావా?

మళ్లీ చెబుతున్నాను, నడిమధ్యలోనే రాస్తున్నాను. గుడ్డకి రెండు చుక్కలు అద్దు. రెండు ముఖాలకీ, అంచుకీ రాయి. పాత కాగితం పరిచి, దాని మీద బిళ్లల్ని అంచుల మీద నిలబెట్టు, బోర్లించకు. మర్నాటికి లోపలున్న నూనె కొంత చెమటలా పైకొస్తుంది. అది తుడిచేస్తే ఇక జిడ్డుండదు.

ఎర్రవాటి సంగతి. వదిలెయ్యడమేంటి? మంచి ప్రశ్నే అడిగావు! తాగేవాటికి తాగినంతా పొయ్యాలి. దాహం ఎక్కువున్నవాడికి ఎక్కువ నీళ్లిస్తే పక్షపాతం అంటారా? అందరికీ కొలిచి ఒకే గ్లాసు ఇచ్చి సమానత్వం అనేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. ఎర్రవాటికి రాయి, తుడువు, మళ్లీ రాయి. పచ్చవాటికి దీటుగా నునుపెక్కేదాకా వదలకు. కళ్లు మూసుకుని ముట్టుకుంటే ఏది ఏదో తెలియకూడదు. అదీ పనితనం.

మరో సీసా పంపుతున్నాను.

అక్క

*

జూలై 2

అక్కా,

అయిపోయింది. నేనూ వసపిట్టా ప్రతి బిళ్లా రాశాం, తుడిచాం. ఎర్రవి నువ్వన్నట్టే దారికొచ్చాయి. దీపాల కింద అన్నీ తడిపండ్లలా నిగనిగలాడుతున్నాయి. ఆటగాళ్లు వాటిని బల్ల మీద ఊరికే టకటకలాడిస్తూ కూర్చుంటున్నారు. గంజిచొక్కా యంత్రం మాట ఎత్తడం మానేశాడు. నా ఉద్యోగం నువ్వే నిలబెట్టావని నీకో పెద్ద ఉత్తరం రాద్దామనుకున్నాను.

కానీ ఏదో జరుగుతోంది. మొన్న నేను పంపిన పచ్చ పెట్టెలో ఎర్రవి ఉన్నాయట. పచ్చవి ఎర్రవాటికి ఐదింతలు చేస్తాయి, బల్ల దగ్గర పెద్ద రభస. నేను కాదన్నాను. నేనా, తప్పు పేర్చడమా! మర్నాడు మళ్లీ అదే. ఈసారి నా ముందే పెట్టె బోర్లించి చూపించారు. చూస్తే ఏముంది, అన్నీ పచ్చవే కదా అన్నాను. వసపిట్ట నా మొహం వంక చూసి మాట్లాడలేదు. ఆవిడ మాట్లాడకపోవడం ఏంటని నాకు భయమేసింది.

గంజిచొక్కా పిలిచి, "పరధ్యానమా? లేక ఇంకేమైనానా?" అన్నాడు. ఆ ఇంకేమైనా ఏంటో చెప్పలేదు. మరోసారి జరిగితే యంత్రమే అన్నాడు.

నూనె రాస్తే రంగులు మారతాయా అక్కా? ఎర్రది పచ్చగా మారుతుందా? నవ్వకు. నాకు నిజంగా తెలియక అడుగుతున్నాను.

చెల్లెలు

*

జూలై 8

చెల్లీ,

నవ్వడం లేదు, మండిపోతున్నాను.

నూనె పడితే ఎరుపు ఇంకా ఎరుపవుతుంది, పచ్చ ఇంకా పచ్చనవుతుంది. ఇదివరకటి కంటే ఇప్పుడే సులువుగా తేడా తెలియాలి. అంటే దీనికి రెండే కారణాలుండాలి. ఒకటి, నువ్వు పేర్చాక ఎవరో కలుపుతున్నారు. యంత్రం కొనాలని ముందే అనుకున్నవాడికి నీ తప్పు అవసరం. బిళ్లలు మెరవకపోతే ఆ వంక, మెరిస్తే ఈ వంక. మా వీధి చివర కుట్టు ఫ్యాక్టరీలో ఇదే ఆట చూశాను: ముందు దారం నాసిరకం ఇస్తారు, తర్వాత కుట్టు తెగిందని మనిషిని తీసేస్తారు. ఆ వసపిట్ట మాట్లాడలేదన్నావు చూడు, ఆవిడ సంగతి కనిపెట్టు.

రెండోది అడగడానికి నోరు రావడం లేదు, అయినా అడుగుతున్నాను. నువ్వు ఆడుతున్నావా? ఆ బల్లల దగ్గర కూర్చుంటున్నావా? ఎదురుగా ఉన్న పెట్టెలో తప్పు కనబడుతుంటే "అన్నీ పచ్చవే కదా" అనే మనిషి ఏదో దాస్తోందనే ఎవరైనా అనుకుంటారు. నేను ఎవరైనా కాదు, నీ అక్కని. నాతో చెప్పు.

జవాబు రాకపోతే ఆ గంజిచొక్కాకి నేనే రాస్తాను. నీకు తెలుసు, నేను రాస్తే ఎలా ఉంటుందో.

అక్క

*

జూలై 13

అక్కా,

ఆడుతున్నావా అని అడిగావు. ఆ మాటకి రెండు రోజులు నీకు ఉత్తరం రాయకూడదనుకున్నాను. తర్వాత ఇది జరిగింది.

బల్ల కింద ఊడుస్తుంటే ఒక బిళ్ల దొరికింది. ఎప్పుడో దొర్లిపోయినట్టుంది, దానికి నూనె పడలేదు. చేతిలోకి తీసుకోగానే "ఎర్రది" అనుకున్నాను. తర్వాత కళ్ల దగ్గర పెట్టుకుని చూశాను. పక్కనే ఒక పచ్చది పెట్టి చూశాను. రెండూ ఒకటే. రెండూ తడిమన్ను రంగు. వసపిట్టని పిలిచి అడిగితే "నీ కుడి చేతిలోది ఎరుపే కదే" అంది మెల్లిగా. నా వేళ్లకి తెలిసింది నా కళ్లకి తెలీలేదు.

నేను దాచలేదు అక్కా. నాకే తెలీదు. తెలుపూ నలుపూ కనబడుతూనే ఉన్నాయి. ఎరుపూ పచ్చా కూడా ఓరకంట చూసే పేరుస్తున్నాననుకున్నాను. పేర్చింది ఆ పొడి అంటుకున్న వేళ్లు. ఎప్పట్నుంచో, ఏమో. చూపు కాస్త మసకేసిందని తెలుసు, వయసు అనుకున్నాను. కళ్ల డాక్టరు దగ్గరికెళ్లాను. కంట్లో నడిమి భాగం పాడవుతోందట, అక్కడే రంగులు తెలిసేదట. కళ్లజోడుతో పోయేది కాదట. పక్కచూపు మాత్రం ఉంటుందట. అందుకే ఈ ఉత్తరం కూడా మొహం పక్కకి తిప్పి రాస్తున్నాను, ఎవరైనా చూస్తే నీ మీద అలిగి రాస్తున్నానని అనుకుంటారు.

గంజిచొక్కాకి ఏమీ రాయొద్దు. నీ కాళ్లు పట్టుకుంటాను. ఒక్క ముక్క కూడా వద్దు. పేర్చడం తప్ప నాకింకో పని రాదు.

చెల్లెలు

*

జూలై 13

చెల్లీ,

జవాబు లేదు. ఇక ఆగలేకపోయాను. ఇవాళ పొద్దున గంజిచొక్కాకి ఉత్తరం పడేశాను. నువ్వు కంగారుపడకు, చాలా మర్యాదగా రాశాను. బావ చదివి "దీనికి మర్యాద అని పేరా?" అన్నాడు, ఆయన సంగతి వదిలెయ్.

నీకు తెలియాలి కాబట్టి అందులో ముఖ్యమైన భాగం ఇక్కడ రాస్తున్నాను: "అయ్యా, తప్పు మీ పద్ధతిలో ఉంది, మా చెల్లెలి పనిలో లేదు. ఆమె చూడకుండా పేరుస్తుందని మీ క్లబ్బంతా చెప్పుకుంటుంది. అందరి ముందూ ఆమె కళ్లకి గంతలు కట్టి, కుప్ప ముందు పెట్టండి. మధ్యలో ఎవరూ చెయ్యి పెట్టకుండా మీరే కాపలా ఉండండి. ఒక్క బిళ్ల తప్పు పడితే అప్పుడు మీ యంత్రం తెచ్చుకోండి. పడకపోతే అందరి ముందూ క్షమాపణ చెప్పండి."

ఎలా ఉంది? ఇక వాడు తప్పించుకోలేడు. నిన్ను ఆడుతున్నావా అని అడిగినందుకు మనసు పీకుతోంది. అది మర్చిపో.

నీ పక్షాన ఎప్పుడూ ఉండే
అక్క

*

జూలై 19

అక్కా,

మన ఉత్తరాలు దారిలో ఒకదాన్నొకటి దాటుకుపోయాయి. ఎక్కడో పక్కపక్క సంచుల్లోనే ప్రయాణం చేసుంటాయి.

గంజిచొక్కా నీ ఉత్తరాన్ని అందరినీ పిలిచి చదివాడు. బాగా చదివాడు, నువ్వు ఊపిరి తీసుకునే చోట తనూ తీసుకున్నాడు. జనం నవ్వారు, కొందరు చప్పట్లు కూడా కొట్టారు. చదివి మడిచి, "మీ అక్కగారి మాట ఎందుకు కాదనాలి? ఈ నెలాఖరు శుక్రవారం పెట్టుకుందాం. తప్పు పడితే మాత్రం ఆవిడే యంత్రం తెచ్చుకోమన్నారు" అన్నాడు.

నా పక్షాన ఉన్నావు, నిజమే. కానీ నన్నడిగి ఉండకూడదా? నువ్వు ఎవరి తరఫున పోట్లాడినా వాళ్లు నోరు తెరిచేలోపే పోట్లాట అయిపోతుంది.

గంతలు కడితే నాకేం తేడా లేదు. కట్టకపోయినా అదే. ఈ నునుపు బిళ్లలతో నేను ఓడిపోతాను. నూనె తియ్యడానికి ఏదైనా దారుందా? ఉంటే చెప్పు. మిగతాదేం రాయకు.

*

జూలై 23

చెల్లీ,

మిగతాదేం రాయొద్దన్నావు. ఒక్క ముక్క రాసి నీ మాట వింటాను. నూనె పోస్తే దీపం వెలుగుతుందని విన్నాను. నేను పోసిన నూనెకి నీ వేళ్లలో దీపం ఆరిపోయింది. ఎర్రవాటికి మళ్లీ మళ్లీ రాయమని, ముట్టుకుంటే తేడా తెలియకూడదని ఎంత గర్వంగా రాశాను! ఆ ముక్క గుర్తొచ్చినప్పుడల్లా షాపులో మిషను ముందు కూర్చుని ఏం చేస్తున్నానో మర్చిపోతున్నాను.

దారుంది. అన్నీ అక్కర్లేదు, ఎర్రవి చాలు. గోరువెచ్చని నీళ్లలో (అంచులో కాదు, ఇక్కడే రాస్తున్నాను) సబ్బు కాస్త ఎక్కువేసి బ్రష్షుతో గట్టిగా రుద్దు. తుడిచి, సుద్దపొడిలో పాతిపెట్టు. పొడి నూనెని పీలుస్తుంది. మర్నాడు దులిపి మళ్లీ కడుగు. పొడి వేళ్లకి అంటేదాకా ఇదే పని. మెరుపు పోతుంది, అనుభవం మీద చెబుతున్నాను, ఎర్రవి మళ్లీ ఇటుకముక్కల్లా అయిపోతాయి.

ఇక రెండో ముక్క, తిట్టుకో. దాచి గెలిస్తే నెల తర్వాత ఎవరో మళ్లీ వాటికి నూనె రాస్తారు. అప్పుడేం చేస్తావు? ఏ బిళ్లకి ఏం పుయ్యాలో పేర్చేవాళ్లని అడక్కుండా ఎవడో నిర్ణయించడం తప్పు. గంజిచొక్కా అడగలేదు, నేనూ అడగలేదు. ఇందులో మా ఇద్దరికీ తేడా లేదని తెలిసి నాకు తిండి దిగడం లేదు. కానీ ఈసారి ఏం చెయ్యాలో నేను చెప్పను.

నేను వస్తానంటే బావ నా చెప్పులు దాచేశాడు. రమ్మంటే ఉత్తకాళ్లతో వస్తాను.

అక్క

*

ఆగస్టు 3

అక్కా,

నువ్వు రాకపోవడమే మంచిదైంది. నువ్వుంటే నేను మాట్లాడేదాన్ని కాదు.

ఎర్రవాటిని వసపిట్ట, నేనూ కడిగాం. ఎందుకని ఆవిడ అడగలేదు. ఆ రోజు నా మొహం చూసినప్పుడే ఆవిడకి తెలుసు, ఎవరికీ చెప్పలేదు. ఊళ్లో ప్రతివాడి గుట్టూ విప్పే మనిషి! నువ్వు ఆవిణ్ణి అనుమానించావు, ఎప్పుడైనా కలిస్తే మంచిగా మాట్లాడు.

శుక్రవారం గంతలు కట్టారు. చుట్టూ జనం. గంజిచొక్కా స్వయంగా కుప్ప కలిపి ముందు పోశాడు. మొదట్లో తెల్లవీ నల్లవీ కూడా తడబడ్డాను. ఆ రెండూ నేను ఎప్పుడూ ఓరకంటితోనే తీసేదాన్ని కదా, ఆ సంగతి మనిద్దరికీ తట్టలేదు! అప్పుడు తోచింది, అందరూ తెల్లవే ఎక్కువ వాడతారు కాబట్టి వాటి అంచు అరిగిపోయి గుండ్రమైంది, నల్లవి వాడేవాళ్లు తక్కువ కాబట్టి వాటి అంచు గోరుకి తగులుతుంది, పచ్చవి ఆ రెంటికీ మధ్యరకం. ఇక ఆగలేదు. గంతలు విప్పేసరికి నాలుగు పెట్టెలు నిండున్నాయి. ఒక్కటీ తప్పు పడలేదు. గోల గోల. గంజిచొక్కా క్షమాపణ లాంటిదేదో గొణిగాడు, గంజి ఎక్కువై సరిగా వినబడలేదు.

అక్కడితో అయిపోయేది. నేను ఇంటికొచ్చేసేదాన్ని. కానీ ఆయన ఎర్ర పెట్టె వంక చూసి, "ఇవేంటి మళ్లీ వెలిసిపోయాయి? సోమవారానికి నూనె పట్టించండి" అన్నాడు.

"పట్టించనండీ" అన్నాను.

ఎందుకన్నాడు. చెప్పాను. అందరి ముందూ, ఎరుపూ పచ్చా నాకు కంటికి ఒకటేనని, ఆ పొడే నాకు ఎరుపని.

"అంటే మీకు కళ్లు కనబడవా?" అన్నాడు.

"ఇప్పుడే కదండీ, కళ్లు కట్టేసి చేయించారు. ఈ పనికి కళ్లతో ఏం పనో చూశారుగా" అన్నాను. అక్కా, ఆ మాట నాదే, నీది కాదు.

ఆయన సీసా తీసి వసపిట్ట చేతికిచ్చాడు, "అయితే మీరు రాయండి" అని. ఆవిడ సీసా తీసుకుంది, మూత బిగించింది, చేతిసంచిలో వేసుకుంది. పేకలు పంచే నల్లకోటాయన ఎర్ర పెట్టెని తన బల్ల మీదికి తీసుకుపోయి ఆట మొదలుపెట్టాడు. గంజిచొక్కా ఒక ఎర్రదీ ఒక పచ్చదీ తీసి వేళ్ల మధ్య రుద్దుకున్నాడు. "సరే, ఇలాగే ఉండనీండి" అని వెళ్లిపోయాడు. యంత్రం సంగతి ఎవరూ అడగలేదు, ఆయనా అనలేదు.

నా తరఫున ఉత్తరాలు రాయడం నువ్వు మానకు, కానీ ఈసారి ముందు నన్నడుగు.

నిన్న ఎవరి చేతి చెమట పట్టిందో, ఒక ఎర్రది మెత్తబడి నా వేళ్లని మోసం చేసి పచ్చవాటిలోకి వెళ్లింది. నల్లకోటాయన చూశాడు. ఇదివరకైతే గంజిచొక్కా దగ్గరికి పోయేది ఆ మాట. ఆయన నా వైపు వంగి, మామూలు గొంతుతో "పైనుంచి మూడోది ఎరుపు" అన్నాడు. తీసి ఎర్రవాటిలో పెట్టాను. అంతే. తర్వాతి కుప్ప వచ్చింది.

చెల్లెలు